అరకు చలికి జలుబు చేసిందా, శుక్రవారం బడిలోనే అంటిందా?

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పోయిన డిసెంబరులో ఒక శనివారం పొద్దున్నే కిరండూల్ రైలెక్కి అరకు వెళ్ళారు. ఆదివారం తెల్లవారుజామున మాడగడ కొండెక్కి మబ్బులు చూశారు. సాయంత్రం ఇంటికి చేరేసరికి ఐదేళ్ళ బాబుకి ముక్కు కారడం మొదలైంది, సోమవారం బడి మానేశాడు. "నే చెబితే విన్నారా, చలిగాలి కొట్టింది" అన్నారు అత్తగారు. "జలుబు వైరస్ వల్ల వస్తుందమ్మా, చలికీ దానికీ సంబంధమే లేదు" అన్నారు భర్త. ఈ డిసెంబరులో మళ్ళీ వెళ్దామంటే ఇంట్లో అదే గొడవ. ఎవరి మాట నమ్మాలి, బాబుని తీసుకెళ్ళొచ్చా అని ఆవిడ అడుగుతున్నారు.

అమ్మా, నేను కంచరపాలెంలో ముప్పై ఏళ్ళకు పైగా జనరల్ ప్రాక్టీసు చేశాను. ఈ అత్తగారూ ఈ భర్తా వేర్వేరు ముఖాలతో వారానికి ఒకసారైనా నా ముందు కూర్చునేవారు. ఫీజు నాకిచ్చి, పోట్లాట వాళ్ళు పడేవారు. మీ ఇంటి విషయానికొస్తే మీ ఆయన మాట ముప్పాతిక నిజం, అత్తగారి మాట పావు నిజం. ఆ పావు కొట్టిపారేసేది కాదు కాబట్టే ఇంత పొడుగు రాస్తున్నాను.

ముందు వేళ్ళ మీద రోజులు లెక్కపెడదాం. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ జలుబులు తెచ్చేది రైనోవైరస్, అందులోనే 160 దాకా రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే ఇంకో రకం కాచుకుని ఉంటుంది, అందుకే ఏడాదికి పెద్దవాళ్ళకి రెండు మూడుసార్లు, పిల్లలకి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేసినా అది మామూలే. ఈ వైరస్ ముక్కులో పడ్డాక ముక్కు కారడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. బాబుకి ఆదివారం సాయంత్రం మొదలైంది కదా. వెనక్కి లెక్కపెట్టండి. శనివారం, శుక్రవారం, గురువారం. ఆదివారం తెల్లవారుజామున తగిలిన గాలి సాయంత్రానికి జలుబై బయటపడటమంటే లెక్క కుదరడం కష్టం.

మరి గురువారం, శుక్రవారం బాబు ఎక్కడున్నాడు? బడిలో. పక్కనున్నవాడు చేత్తో ముక్కు తుడుచుకుని, అదే చేత్తో రంగు పెన్సిలు ఇచ్చి ఉంటాడు. మీవాడు దాంతో బొమ్మ వేసి, ఆ చేత్తో కన్ను నులుముకుని ఉంటాడు. వైరస్‌కి అంతకన్నా దగ్గరి దారి లేదు. లేదంటే శనివారం రైలు అనుకోండి. విస్టాడోమ్ అనే అద్దాల పెట్టెలో ఏసీ, కిటికీలన్నీ బిగింపు, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలంతా గొంతు చించుకుని అరుపు. ఎవరో ఒకరికి జలుబుంటే చాలు. కానీ ఇంటికొచ్చాక ఎవరికీ రంగు పెన్సిలు గుర్తురాదు. కొండ మీద నోట్లోంచి పొగలు రావడం, బాబు చేతులు మంచుగడ్డల్లా ఉండటం గుర్తొస్తాయి. నేరం దాని మీద పడుతుంది.

చలే మూలమైతే ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ తుమ్మాల్సింది ధ్రువాల దగ్గర ఉండేవాళ్ళు. నార్వేకి ఉత్తరాన స్పిట్స్‌బెర్గెన్ దీవిలో బొగ్గు గనుల కోసం వెలసిన ఊరొకటి ఉంది. ఆ రోజుల్లో చలికాలం వస్తే సముద్రం గడ్డకట్టి, నెలల తరబడి ఓడ వచ్చే దారి ఉండేది కాదు. 1930ల మొదట్లో పాల్, ఫ్రీస్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడే ఉండి, ఊళ్ళో ఎవరికి ఎప్పుడు జలుబు చేసిందో రాసుకున్నారు. ఎముకలు కొరికే చలిలో జలుబు తగ్గుతూ తగ్గుతూ దాదాపు మాయమైపోయింది. మంచు కరిగి మొదటి ఓడ రేవుకి చేరిన కొద్దిరోజులకే ఊరంతా ముక్కులు చీదడం మొదలెట్టింది. చలి పోయాక, మనుషులు దిగాక వచ్చిందన్నమాట.

ఇంగ్లండువాళ్ళు ఇంకా ముందుకెళ్ళారు. సాలిస్‌బరీ దగ్గర 1946లో జలుబు కోసమే ఒక పరిశోధన కేంద్రం తెరిచారు, అది 1990 దాకా నడిచింది. మామూలు జనం పది రోజులు వచ్చి ఉండేవారు. తిండి, బస ఉచితం, పైగా చేతి ఖర్చుకి కొంత డబ్బు. బదులుగా ముక్కులో చుక్కలు వేయించుకోవాలి, జలుబు చేస్తే చేయించుకోవాలి. అక్కడ క్రిస్టఫర్ ఆండ్రూస్ అనే ఆయన మీ అత్తగారి మాటనే పరీక్షకు పెట్టాడు. కొందరిచేత వేణ్ణీళ్ళ స్నానం చేయించి, ఒళ్ళు తుడుచుకోనివ్వకుండా గాలి కొట్టే వసారాలో అరగంట నిలబెట్టాడు. ఆ తర్వాత తడి మేజోళ్ళతో తిరగమన్నాడు. వాళ్ళలో కొందరికి జలుబు రోగుల చీమిడి వడగట్టిన నీళ్ళు ముక్కులో వేశారు, కొందరికి వేయలేదు. వణికి ఊరుకున్నవాళ్ళకి జలుబు రాలేదు. చుక్కలు వేయించుకున్నవాళ్ళలో కొందరికి వచ్చింది. చుక్కలూ చలీ రెండూ పడ్డవాళ్ళకి మొదటిసారి కాస్త ఎక్కువ వచ్చినట్టు కనిపించింది కానీ, మళ్ళీ చేసి చూస్తే ఫలితం తిరగబడింది. 1968లో అమెరికాలో నేరుగా రైనోవైరస్‌నే వేసి మళ్ళీ చూశారు, చలి వల్ల తేడా ఏమీ కనిపించలేదు.

సాలిస్‌బరీలో డబ్బిచ్చి చేయించిన ఆ పని మన విశాఖలో పుణ్యానికి చేస్తారు. కార్తీక మాసంలో తెల్లారకుండానే ఆర్కే బీచ్‌కి వెళ్ళి చూడండి. డెబ్బై ఏళ్ళ ముసలమ్మలు తలారా మునిగి, తడి చీరతోనే ఆ గాలిలో నిలబడి దీపాలు వదులుతారు, అదీ నెల పొడుగునా. మా వీధి నుంచి వెళ్ళే బ్యాచ్ ఒకటుండేది. ఆ నెలలో వాళ్ళు మోకాళ్ళ నొప్పులకి వచ్చారు, బీపీకి వచ్చారు. జలుబుకి మిగతా నెలలకన్నా ఎక్కువ వచ్చిన గుర్తు నాకు లేదు.

ఇక్కడిదాకా మీ ఆయన గెలిచారు. ఇప్పుడు అత్తగారి పావు చూద్దాం.

2005లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జాన్సన్, ఎకిల్స్ అనే ఇద్దరు 180 మందిని తీసుకున్నారు. 90 మందిచేత 10 డిగ్రీల చల్లటి నీళ్ళలో 20 నిమిషాలు కాళ్ళు పెట్టించారు. మిగతా 90 మంది ఖాళీ బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ముక్కులో ఎవరికీ ఏమీ వేయలేదు. తర్వాత నాలుగైదు రోజుల్లో చల్లనీళ్ళ గుంపులో 13 మందికి, ఖాళీ బేసిన్ గుంపులో ఐదుగురికి జలుబు లక్షణాలు కనిపించాయి. వైరస్ పరీక్ష చేయలేదు, వాళ్ళు చెప్పుకున్న లక్షణాలే లెక్క. పైగా ఎవరి కాళ్ళు ఎక్కడ పెట్టారో వాళ్ళకి తెలుసు. అందుకే దీన్ని చివరి తీర్పుగా నేను తీసుకోను. కానీ ఎకిల్స్ చెప్పిన కారణం నాకు సబబుగానే తోచింది. రైనోవైరస్ సోకినవాళ్ళందరికీ జలుబు బయటపడదు, దాదాపు నలుగురిలో ఒకరికి ఏ లక్షణమూ లేకుండానే వచ్చి పోతుంది. అలా చప్పుడు లేకుండా వైరస్ ఉన్న మనిషికి కాళ్ళు చల్లబడితే, ముక్కు లోపలి రక్తనాళాలు కూడా బిగుసుకుంటాయి. అక్కడికి రక్తం తగ్గుతుంది, రక్తంతోపాటు వచ్చే కాపలా కణాలూ తగ్గుతాయి. అణిగి ఉన్న జలుబు పైకి తేలుతుంది.

2015లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఫాక్స్‌మన్, ఇవసాకి బృందం ఎలుకల శ్వాసనాళపు కణాల మీద ఇంకో సంగతి చూపించింది. మన ఒంటి లోపల 37 డిగ్రీలుంటే ముక్కు లోపల 33 నుంచి 35 దాకా ఉంటుంది, బయటి గాలి వచ్చేది అందులోంచే కదా. రైనోవైరస్‌కి ఆ 33 బాగా నచ్చుతుంది. కారణం వైరస్ బలం పెరగడం ఒక్కటే కాదు, ఆ తక్కువ వేడిలో కణాలు ఇచ్చే హెచ్చరిక మందగిస్తుంది. 2022లో బోస్టన్‌లో మనుషుల మీదే చూశారు. 4.4 డిగ్రీల చలిలో 15 నిమిషాలు ఉంటే ముక్కు లోపల దాదాపు 5 డిగ్రీలు తగ్గింది. వైరస్‌ని చుట్టుముట్టి పట్టేసే సన్నటి తిత్తులను ముక్కు కణాలు విడుదల చేస్తుంటాయి, ల్యాబులో మనిషి ముక్కు కణాలను అంతే చల్లబరిచి చూస్తే ఆ తిత్తులు 40 శాతానికి పైగా పడిపోయాయి.

అంటే చలి జలుబుని పుట్టించదు కానీ, ముక్కు వాకిట్లో గడియ తీసి పెడుతుంది. వీధిలో దొంగే లేనప్పుడు గడియ తీసి పడుకున్నా చెంబు కూడా పోదు. దొంగ అప్పటికే అరుగు మీద కూర్చుని ఉంటే కథ వేరు. మీ బాబు విషయంలో నా అనుమానం ఇదే. వైరస్ గురు, శుక్రవారాల్లో బడిలోనే అంటింది. మాడగడ చలి దాని పని కొంచెం సులువు చేసి ఉండొచ్చు. చలి లేకపోయినా సోమవారానికో మంగళవారానికో ముక్కు కారేదేమో. మీ అత్తగారికి నేనిచ్చేది ఇంతే.

ఈ పావు కూడా అరకు, లంబసింగి లాంటి చోట్లకే. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ పదికి దిగువన పడిపోవడం మామూలు. లంబసింగికి కొర్రబయలు అని పేరు, ఆరుబయట ఉన్నవాడు కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని. విశాఖ ఊళ్ళో చలి ఏ పాటిది? జనవరిలో కూడా తెల్లారగట్ల పదిహేడో పద్దెనిమిదో. దానికే మనం మంకీ క్యాపులు, మఫ్లర్లు తీసి ఫొటోలు దిగుతాం. ఆ చలికి ముక్కు కాపలా అంతగా కూలుతుందని నేననుకోను.

నా ఓపీ నిండిపోయేది ఎప్పుడో చెబితే మీకే అర్థమవుతుంది. జూన్‌లో బడులు తెరిచిన రెండో వారం నుంచి మొదలు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, లక్షల జనం. అది అయిన మూడో రోజుకి వరండాలో బెంచీలు చాలేవి కావు. "వానలో తడిశాం సార్" అని అందరిదీ ఒకటే మాట. తడిశారు, నిజమే. రాత్రంతా భుజం భుజం రాసుకుంటూ నడిచారు, ఒకే డ్రమ్ము దగ్గర ఒకే గ్లాసుతో నీళ్ళు తాగారు, ఒకే ఆటోలో పదిమంది ఎక్కి ఇంటికెళ్ళారు. అది మాత్రం ఎవరూ చెప్పరు. వానాకాలంలో జల్లు కొడుతుందని కిటికీలు మూస్తాం, గదిలో గాలి మారదు, ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తాం. చలిదేశాల్లో చలికాలంలో జరిగేది మనకి వానాకాలంలో జరుగుతుంది. ఫ్లూ అంటే జలుబుకి పెద్దన్న, అది వేరే వైరస్. అది కూడా మన దేశంలో చాలాచోట్ల వానల్లో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఒకసారి పెరుగుతుంది.

చలికి ముక్కు కారడం వేరు, జలుబు వేరు. దీని గురించి ఒకావిడని చెప్పాలి. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేసేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే పని, గది మొత్తం చల్లగా ఉంటుంది. "నాలుగేళ్ళ నుంచి జలుబు తగ్గలేదండి" అంటూ సంచీ బల్ల మీద కుమ్మరించింది. సగం సగం వాడిన మాత్రల అట్టలు, అందులో మూడు రకాల యాంటీబయాటిక్‌లు. 

"ఆదివారం ఎలా ఉంటుంది?" అన్నాను. 

"ఆదివారం సెలవండి." 

"సెలవు సంగతి కాదమ్మా, ముక్కు సంగతి." 

కాసేపు ఆలోచించి, "ఆదివారం కారదండి" అంది. సంక్రాంతికి ఊరెళ్ళిన వారం రోజులూ చుక్క రాలేదట. గొంతు నొప్పి లేదు, జ్వరం లేదు, ఒళ్ళు నొప్పులు లేవు. ప్లాంటు తలుపు దాటి బయట ఎండలో నిలబడిన పది నిమిషాల్లో ఆగిపోతుందట. 

ముక్కు పనే అది. చల్లటి పొడి గాలి ఊపిరితిత్తుల్లోకి నేరుగా పోకుండా దాన్ని వెచ్చబరిచి, తడి చేసి పంపుతుంది. ఆ తడి కోసం నీరు ఊరుతుంది, ఎక్కువైంది బయటికి కారుతుంది. కొందరి ముక్కు ఈ పని అతిగా చేస్తుంది. మాస్కు కింద ఇంకో పొర మెత్తటి గుడ్డ కట్టుకోమన్నాను, మాత్రలన్నీ మానిపించాను. ఆవిడకి నా మీద పెద్దగా నమ్మకం కుదిరినట్టు లేదు, ఒక్క మాత్రా రాయని డాక్టరుకి ఫీజెందుకన్నట్టు చూసింది. రెండు నెలల తర్వాత చెల్లెల్ని తీసుకొచ్చింది, అదే కంప్లైంటు.

మాడగడ మీద బాబు ముక్కు కారినా అది ఇదే కావచ్చు. నీళ్ళలా కారి, వెచ్చటి గదిలోకి రాగానే ఆగిపోతే దానికి కంగారు అక్కర్లేదు. రాత్రికి తుమ్ములు, గొంతులో గరగర, ముక్కు దిబ్బడ, మర్నాటికి చిక్కబడటం, ఇలా వరసగా వస్తే అది జలుబు. డిసెంబరులో మన ఊళ్ళో మూడోది కూడా ఉంది. చుట్టూ కొండలు, చలికాలంలో గాలి పైకి లేవదు, దుమ్మంతా కిందే నిలిచిపోతుంది. పోర్టు పక్కనున్న పాతనగరం వైపు ఇళ్ళలో కిటికీ గట్టు మీద వేలు రాస్తే నల్లగా అంటుతుంది. పొద్దున్న లేవగానే వరసగా పది తుమ్ములు, కళ్ళు దురద, పది గంటలకల్లా మామూలు, ఇది వారాల తరబడి నడిస్తే అలర్జీ. దాన్నీ చలి ఖాతాలోనే రాసేస్తాం.

పెరుగు, అరటిపండు, ఐస్‌క్రీమ్, తలస్నానం, వీటి గురించి కూడా అడుగుతారని తెలుసు. వీటివల్ల జలుబు రాదు. తమాషా ఏమిటంటే మనవాళ్ళు చలికాలంలో జలుబు చేస్తే "చలువ చేసింది" అంటారు, మే నెలలో చేస్తే మామిడిపండ్లు తిని "వేడి చేసింది" అంటారు. రెండు వైపులా దారి మూసేశాక పాపం వైరస్ పేరు ఎత్తే అవకాశమే లేదు. చల్లటిది తింటే మీవాడికి దగ్గు వస్తుందని మీరు కళ్ళారా చూస్తే జలుబున్న ఆ నాలుగు రోజులు ఇవ్వకండి, అంతకన్నా పట్టింపు వద్దు.

జలుబు వచ్చాక ఏం చేయాలన్నది పొట్టిగా చెప్తాను. వారం, పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయలేదు. చీమిడి పచ్చగా మారింది కదా అని మెడికల్ షాపుకి పరిగెత్తకండి, మన తెల్ల రక్తకణాలు పోరాడినప్పుడు వచ్చే రంగది, జలుబులో మూడో నాలుగో రోజుకి మామూలే. జ్వరముంటే బరువుకి తగ్గ పారాసెటమాల్, ముక్కు దిబ్బడకి ఉప్పునీటి చుక్కలు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు సిరప్‌లు నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. మీవాడికి ఐదేళ్ళు నిండినా నేనైతే రాయను, లాభం కన్నా మత్తే ఎక్కువ. మరిగే నీళ్ళ గిన్నె ముందు దుప్పటి కప్పి పిల్లల్ని కూర్చోబెట్టకండి. ఆ గిన్నె ఒళ్ళో ఒలికిన పిల్లల్ని చూశాను, జలుబు వారంలో పోయింది, మచ్చ పోలేదు.

మిరియాల చారు మాత్రం నిస్సందేహంగా ఇవ్వండి. ఆ కార్డిఫ్ ఎకిల్స్ బృందమే 2008లో ఇంకో పరీక్ష చేసింది. వేడి పానీయం తాగినవాళ్ళకి గొంతు నొప్పి, చలిగా ఉండటం, నీరసం కూడా అప్పటికప్పుడు తగ్గినట్టు అనిపించింది, అదే పానీయం చల్లారాక తాగితే అంత ఉపశమనం దొరకలేదు. చారు పెట్టే పని మీ అత్తగారికే అప్పగించండి, ఇంట్లో సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

ఇక ప్రయాణం. వెళ్ళండి. స్వెట్టరు, మేజోళ్ళు వేయండి. చెవులకన్నా ముక్కు ముఖ్యం, మఫ్లరు ముక్కు మీదుగా కడితే లోపలికి పోయే గాలి కాస్త వెచ్చబడుతుంది. తడిసిన బూట్లు వెంటనే మార్చండి. రైల్లో ఏదైనా తినే ముందు చేతులు సబ్బుతో కడిగించండి, వేరే పిల్లల సీసాలో నీళ్ళు తాగనివ్వకండి. బాబుకి పిల్లికూతలు, ఉబ్బసం ఎప్పుడైనా ఉంటే మాత్రం విషయం మారుతుంది. రైనోవైరస్, చలిగాలి రెండూ ఉబ్బసాన్ని రేపుతాయి. వాడే ఇన్‌హేలర్ సంచిలో లేకుండా కొండెక్కకండి, ముందు మీ డాక్టర్ని కలవండి. ఎక్కడున్నా సరే డొక్కలు ఎగరేయడం, ఊపిరి వేగంగా తీయడం, నీళ్ళు కూడా తాగకపోవడం కనిపిస్తే అది జలుబుతో పోయేది కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరం మూడు రోజులు దాటినా, చెవి నొప్పి అని ఏడ్చినా చూపించండి.

వెళ్ళే ముందు శుక్రవారం రాత్రి, వాడు పడుకున్నాక ఒకసారి దగ్గరకెళ్ళి చూడండి. నోరు తెరుచుకుని ఊపిరి తీస్తున్నాడా, బడి నుంచి వచ్చినప్పటి నుంచి ముక్కు నలుపుకుంటున్నాడా? అలా ఉంటే టికెట్లు పై వారానికి మార్చుకోండి. అది కొండ చలికి భయపడి కాదు, జలుబుతో ఉన్న పిల్లాడికి తెల్లారగట్ల నాలుగింటికి లేచి కొండెక్కడం సరదాగా ఉండదు. పైగా ఆ అద్దాల పెట్టెలో ఈసారి మిగతా పిల్లలకి అంటించేది వాడే అవుతాడు.